మూడో పిలుపు

నీలం బట్టలు వేసుకుని ఆకాశంలో తిరిగే ఆ పిల్లను ఊరంతా నీలిపిల్ల అని పిలిచేది. కాలుతున్న మేడ మీంచి మనుషుల్ని దించిందనీ, బ్రేకులు పోయిన బస్సును వట్టి చేతులతో ఆపిందనీ ఒకటే పొగడ్తలు. పొగిడితే పొగిడారు, సంతోషం. ఆ పిల్ల అన్నం తిన్నదో లేదో అడిగిన మహానుభావుడు మాత్రం ఒక్కడూ లేడు.

ఇంట్లో ఆమె చిట్టి. ఇల్లంటే రెండు గదులు, ఒక కుట్టుమిషను, అమ్మమ్మ. ఆ చుట్టుపక్కల ఎవరి జాకెట్టు బిగుతైనా, ఎవరి ప్యాంటు పొడవైనా అమ్మమ్మ దగ్గరికే రావాలి. ఆవిడకు మనవరాలు చెప్పిన మాట, సాయంత్రాలు టైపు నేర్చుకుంటున్నానని. ఆ టైపు మిషను రంగేమిటో కూడా చిట్టికి తెలియదు.

ఎగరడం, ఇనుము వంచడం అలవాటైపోయాయి. బాధల్లా చెవులతోనే. ఎంత దూరాన ఉన్నా ఆమెకు వినబడుతుంది. పొద్దు వాలేసరికి ఊళ్లో ప్రతి ఇంట్లోనూ పిలుపులు మొదలవుతాయి. ఒరే బాబిగా, ఏమండోయ్, అక్కా రావే అన్నం చల్లారిపోతోంది. ప్రతి పిలుపుకూ ఎవరో ఒకరు పలుకుతారు. నీళ్ల ట్యాంకు మీద ఒక్కతీ కూర్చుని ఊరికి కాపలా కాసే చిట్టికి, ఆ సందడి మధ్యలో అమ్మమ్మ గొంతు కూడా వినబడేది. మనవరాలు ఇంట్లో లేదని తెలిసినా, వచ్చేసిందేమోనని కిటికీలోంచి 'చిట్టీ' అని కేకెయ్యడం ఆవిడ అలవాటు. అక్కణ్ణించి పలికితే గుట్టు రట్టవుతుంది. పలక్కపోతే తప్పు చేసినట్టుండేది. ఆ బాధ ఎవరితోనైనా చెప్పుకుందామంటే ఒక్క స్నేహితురాలైనా ఉంటేగా!

అలాంటి రోజుల్లో బొమ్మల మాస్టారు తగిలాడు. మ్యూజియంలో పగిలిన కుండలు, విరిగిన విగ్రహాలు అతికే మనిషి. ఓ మధ్యాహ్నం మ్యూజియం కప్పు కూలబోతే చిట్టి భుజాన మోసి నిలబెట్టింది. అందరూ చప్పట్లు కొట్టి వెళ్లిపోయారు. ఆయన ఒక్కడూ మంచినీళ్ల గ్లాసు తెచ్చిచ్చి, "ఒక్కదానివే ఉంటావామ్మా?" అని అడిగాడు. అంతే, పిల్ల కరిగిపోయింది. ఉన్న కష్టమంతా వెళ్లబోసుకుంది.

"ఓస్, ఇంతేనా! దీనికి ఈజిప్టు వాళ్లు ఏనాడో విరుగుడు కనిపెట్టారు," అన్నాడాయన. "చచ్చాక కూడా పై లోకంలో పనికి పిలుస్తారని అక్కడి దొరలకు భయం. అందుకని సమాధిలో చిన్న బొమ్మలు పెట్టించుకునేవాళ్లు. పిలుపు వినబడగానే 'ఇదిగో ఉన్నా' అని బొమ్మ లేచి పలుకుతుంది. దొర హాయిగా పడుకుంటాడు. నీకూ ఒకటి చేసిపెడతాను, కిటికీలో పెట్టుకో."

జానెడు మట్టిబొమ్మ. చేతులు గుండెల మీద కట్టుకుని బుద్ధిగా నిలబడి ఉంది. కిటికీలో పెట్టిన మొదటి సాయంత్రమే, అమ్మమ్మ 'చిట్టీ' అనగానే, "వస్తున్నా అమ్మమ్మా," అని అచ్చం చిట్టి గొంతుతో పలికింది. ట్యాంకు మీద చిట్టి హమ్మయ్య అనుకుంది. ఇక ఆ పిలుపు వినే పని లేదని, ఆ పూట నుంచి ఇంటి వైపు చెవి పెట్టడమే మానేసింది. తప్పంటే అదీ తప్పు.

చూస్తుండగానే ఊళ్లో మనుషులు మూగబోవడం మొదలుపెట్టారు. బస్సు కండక్టరుకు టికెట్ టికెట్ అని అరిచే నోరు పడిపోయింది. చిట్టి గొంతు కూడా బొంగురుపోయింది. చేతుల్లో సత్తువ తగ్గింది. జలుబనుకుంది. ఒకరోజు ఆ కండక్టరు బస్సు నడిరోడ్డు మీద వదిలేసి నిద్రలో నడిచినట్టు వెళ్లిపోతుంటే వెంబడించింది. మ్యూజియం కింద నేలమాళిగలో తేలింది.

అక్కడ సగం ఊరు ఉంది. మంగలి, పోస్టుమాను, స్కూలు టీచరమ్మ, అందరూ మోకాళ్లదాకా బురదలో దిగి మట్టి తొక్కుతున్నారు. ఎవరి కళ్లలోనూ జీవం లేదు. వాళ్ల మధ్య పెద్ద సమాధి ఒకదానికి గోడలు లేస్తున్నాయి.

"రామ్మా," అన్నాడు మాస్టారు.

చిట్టి ఆయన్ని కాలరు పట్టి పైకెత్తింది. "ఏంటిది?" అనబోతే గాలి తప్ప మాట రాలేదు.

"నీలాగే వీళ్లకీ ఇంటి పిలుపులకి పలికే తీరిక లేదు. బొమ్మలడిగారు, ఇచ్చాను. బొమ్మ పలికిన ప్రతిసారీ గొంతు కాస్త, బలం కాస్త నా దగ్గరికొస్తాయి. అంతా వచ్చేశాక మనిషి నా పిలుపుకే కదులుతాడు." గాల్లో వేలాడుతూ కూడా ఆయన నింపాదిగానే ఉన్నాడు. "నేను అనాథాశ్రమంలో పెరిగానమ్మా. అన్నానికి గంట కొట్టేవాళ్లు. మనిషి నోటితో పిలవడం నేనెరగను. కనీసం చచ్చాకైనా, ఈ సమాధిలోంచి నేను పిలిస్తే ఊరంతా పలకాలి."

ఆ మాటకు చిట్టి చెయ్యి వదులైంది. జాలేసింది, ఏం చేస్తుంది!

"బొమ్మని పగలగొడదామనుకోకు, గొంతు దాంతోపాటే పోతుంది. అందరికంటే ముందు పుచ్చుకున్నది నువ్వు. ఇంకా నీలో ఇంత ఎలా మిగిలిందో నాకే అంతుపట్టడం లేదు. ఏదైతేనేం, ఇవాళ్టి పిలుపుతో సరి."

బయట పొద్దు వాలుతోంది. చిట్టి ఎగిరింది. సగం దూరంలోనే ఒళ్లు బరువెక్కి కూరగాయల బండి మీద పడింది. లేచి పరుగెత్తింది. "నీలిపిల్లోయ్!" అని జనం ఈలలేశారు. ఒక్కరైనా ఆగి చెయ్యి అందించలేదు. ఇంటి మెట్ల దగ్గరికొచ్చి కూలబడింది. పైన కిటికీలో దీపం వెలిగింది.

"చిట్టీ!"

"వస్తున్నా అమ్మమ్మా," అంది బొమ్మ, తేనెలూరే గొంతుతో.

అయిపోయింది అనుకుంది చిట్టి. మెట్టు మీద తలవాల్చింది.

"నిన్ను కాదే మట్టిముద్దా, నోర్ముయ్యి," అంది అమ్మమ్మ. మళ్లీ కేకేసింది. "చిట్టీ!"

బొమ్మ ఉలకలేదు. దానికి నేర్పింది ఒక్క పిలుపే.

"ఒసే చిట్టీ! చెవుల్లో సీసం పోసుకున్నావా?"

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ మూడో కేకకు పలికిన నోరది. దానికి మంత్రాలూ తంత్రాలూ ఏం తెలుసు! "అబ్బబ్బ, వస్తున్నానుగా! ఒకటే అరుపు!" అని వీధి దద్దరిల్లేలా విసుక్కుంది.

పైన బొమ్మ పుటుక్కున విరిగింది.

అమ్మమ్మ మెట్ల మీదికొచ్చి, నీలం బట్టల్లో ఉన్న మనవరాలిని ఎగాదిగా చూసింది. "బాగుంది టైపు. మళ్లీ మోచెయ్యి చించుకొచ్చావూ? ప్రతిసారీ కుట్టలేక చస్తున్నాను."

"నువ్వా కుట్టేది?"

"మరి దానంతటదే అతుక్కుంటోందనుకున్నావా?"

నిజానికి చిట్టి అలాగే అనుకుంది.

"బొమ్మ సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. నువ్వెప్పుడు పలికావే, మొదటి పిలుపుకి?"

మాస్టారి మంత్రం ఎక్కడ చెడిందో అప్పుడర్థమైంది. పిలిచినవాళ్లు నమ్మితేనే బొమ్మ పలుకు పూర్తిగా చెల్లుతుంది. అమ్మమ్మ ఒక్క పూటా నమ్మలేదు. చిట్టి డాబా ఎక్కి, తిరిగొచ్చిన గొంతంతా పెట్టి అరిచింది. బొమ్మ పలికితే ఒప్పుకోకండి, మీ ఇంట్లో ఎలా పిలుస్తారో అలా మళ్లీ పిలవండి అని. కాసేపట్లో ఊరు ఊరంతా పేర్లతో, ముద్దుపేర్లతో, తిట్లతో హోరెత్తింది. నేలమాళిగలోంచి జనం పలుకుతూ పరుగెత్తుకొచ్చారు. మాస్టారు ఒక్కడే మిగిలాడు. చిట్టి వెళ్లేసరికి సగం లేచిన గోడ పక్కన మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, ఊళ్లో పిలుపులు వింటున్నాడు. పోలీసులు రెక్క పట్టుకుని లేపితే వాళ్ల వెంట నడిచాడు.

ఆ రాత్రి కంచాల ముందు చిట్టి అడిగింది. "రోజూ మూడోసారి కూడా పిలిచేదానివా?"

"పిలిచేదాన్ని."

"ఎవరూ పలక్కపోయినా?"

"పలకవని తెలుసులే. నీ చెవులు నేనెరగనా? అంత ఎత్తున ఒక్కదానివీ కూర్చుని ఉంటావు. వింటుంటావు కదాని పిలిచేదాన్ని."

తను వినలేదని చిట్టి చెప్పలేకపోయింది. తల వంచుకుని అన్నం కలుపుకుంది.