బకెట్లో పూత

మొన్న చలికాలంలో మా అన్నయ్య చిన్నరాయప్ప మామిడి తోట తీయించి పామాయిల్ వేస్తానన్నాడు. నూజివీడు చుట్టుపక్కల చాలామంది చేస్తున్నదే కాబట్టి నేనేమీ అనలేదు. వదిన రిబ్కమ్మ మాత్రం ఒక్క చెట్టు ఉంచమంది. ముసునూరులో వాళ్ళమ్మ పెరట్లోని చిన్నరసం మామిడి నుంచి కట్టిన అంటు అది. ఆ పెరడు ఇప్పుడు లేదు, రోడ్డు కింద పోయింది.

"మూడేళ్ళుగా పూత మొహం చూపించని చెట్టు. మీ పుట్టింటి సరుకేగా," అన్నాడు అన్నయ్య.

"పుట్టింటి ఊసు ఎందుకండీ ఇప్పుడు?"

"సరే. రంపం మిషనోడు వచ్చే రోజుకి పూత కనబడితే ఉంచుతా. లేకపోతే దాన్నీ కొట్టించేస్తా."

చలి వదల్లేదు. పొద్దెక్కేదాకా మంచే. కింది కొమ్మల చివర మొగ్గలు ఉబ్బాయి గానీ విచ్చుకోలేదు. చలిదేశాల ఆడవాళ్ళు కొమ్మలు ఇంట్లోకి తెచ్చి పూయించడం వదిన ఫోన్లో చూసిందట. కాయలు కోసే దోటి తీసుకుని, దానికి అందిన మొగ్గ కొమ్మలన్నీ కోసుకొచ్చింది. మొదళ్ళు చితక్కొట్టి, గోరువెచ్చని నీళ్ళ బకెట్లో పెట్టి, పొయ్యి పక్కన ఉంచింది.

"ఏంటి వదినా, కొమ్మలకి స్నానం చేయిస్తున్నావా?" అన్నాను.

"నవ్వు ఆనందూ, నవ్వు. చెట్టులో ఇంకా పూత ఉందని ఆయనకి కళ్ళారా చూపిస్తే చాలు నాకు."

"పోనీ, నాలుగు పుల్లలు తీసి అంటు కట్టిద్దాం. చెట్టు పోయినా రకం ఉంటుంది."

"కట్టించి ఎక్కడ నాటను, నా నెత్తి మీదా? మొత్తం పామాయిలేగా."

మిషన్ వచ్చిన రోజు పొద్దున్నే ఇల్లంతా పూత వాసన. అన్నయ్య వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు. వంగి ఒక గుత్తిని వేలితో తాకాడు.

"పూసిందే," అన్నాడు. గొంతు మెత్తబడింది. "పద, చెట్టు కూడా చూద్దాం. అక్కడా ఇలాగే ఉంటే ఉంచేద్దాం."

వదిన చెప్పులు కూడా వేసుకోకుండా నడిచింది. మిషన్ తెచ్చిన సంతోష్ కుమార్ చెట్టెక్కి నాలుగు వైపులా చూసి దిగాడు.

"పైనంతా కొత్త చిగురేనండీ, ఈ ఏడు పూయదు. మొగ్గ పట్టింది కింది కొమ్మలకే. వాటినెవరో శుభ్రంగా కోసుకుపోయారు."

అన్నయ్య వదిన వైపు తిరిగాడు. "పూసేవన్నీ నువ్వే కోసేశావు. ఇంకేం చూసి ఉంచను?"

"పూసింది కదండీ. ఇందాక మీరే అన్నారు."

"బకెట్లో పూసింది. నేనన్నది చెట్టు మాట." సంతోష్ కుమార్‌కి చెయ్యి ఊపాడు.

మిషన్ మోగింది. వదిన అక్కడ నిలబడలేదు.

మధ్యాహ్నం అన్నం దగ్గర అన్నయ్య చిరాకుపడ్డాడు. "ఆ బకెట్ బయట పడెయ్. వాసనకి తలనొప్పొస్తోంది."

వదిన బకెట్ ఎత్తి తెచ్చి, సరిగ్గా ఆయన కంచం పక్కన పెట్టింది. పూత రాలి పప్పన్నంలో పడుతోంది. అన్నయ్య ఒక్కొక్క పువ్వూ ఏరి కంచం అంచున పెట్టుకుంటూ తిన్నాడు. వదిన నిలబడి చూస్తోంది. కంచం ఖాళీ అవుతుంటే ఇంకో గరిటె పప్పు వేసింది.