తవుడుకి అమ్మిన పిల్ల

విజయదుర్గ పిల్ల నెలలు నిండకుండా పుట్టింది. గుణుపురం నుంచి ఉన్నపళంగా జీపులో రాయగడ తెచ్చి, ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. అంతకుముందు పుట్టిన మగపిల్లాడు పురిట్లోనే పోయాడు. అందుకని అత్తగారు కృష్ణవేణమ్మ ఈసారి అంతా దేవుడికే వదిలేయదలచుకోలేదు. బజార్లో హోల్‌సేల్ కొట్టు నడిపే మనిషి, బేరం మొదలుపెట్టిందంటే తెగాల్సిందే.

"పిల్లని తవుడుకి అమ్మీయాల," అంది.

బిడ్డలు నిలవని ఇళ్లలో ఇది మామూలే. పిల్లలంతా బతికి బట్టకట్టిన ఆడమనిషి చేత గుప్పెడు తవుడు పోయించుకుని, బిడ్డ ఇక ఆవిడదే అనేస్తారు. కన్నతల్లికి బిడ్డే లేదనుకుని చావు దారి తప్పుతుందని నమ్మకం. వరండాలో చెల్లెలి బిడ్డ కోసం కూర్చున్న చిలకమ్మ దొరికింది. మునిసిపాలిటీలో పని, ఐదుగురిని కని ఐదుగురినీ పెంచుకొచ్చింది. అడగ్గానే మిల్లు నుంచి తవుడు తెచ్చి విజయదుర్గ చెంగులో పోసింది.

"ఇల్లు సేరేదాకా నా పిల్ల అని అనకు. ఎవులడిగినా అనకు," అని అత్తగారు మరీ మరీ చెప్పింది.

విజయదుర్గ తలూపింది. నిజం చెప్పాలంటే ఆమెకి కాస్త తేలికగానే ఉంది. పిల్ల తనది కాదనుకుంటే భయమూ తనది కాదు కదా. పాలు పిండి ఇస్తే చిలకమ్మే లోపలికి పట్టుకెళ్లేది. తల్లెవరని నర్సు స్మిత అడిగితే చిలకమ్మే లేచేది. పాపం, కొనుక్కున్నాక తప్పుతుందా.

ఒక మధ్యాహ్నం స్మిత బయటికొచ్చింది. రాయగడలో పెరిగిన ఒడియా అమ్మాయి, తెలుగు బాగానే మాట్లాడుతుంది.

"పాపకి ఊపిరి సరిగ్గా అందడం లేదు. అమ్మ వచ్చి దగ్గర కూర్చోవాలి."

అలవాటు కొద్దీ చిలకమ్మ లేచింది. విజయదుర్గ కూడా లేచింది, ఎందుకు లేచిందో ఆమెకే తెలీదు. స్మిత ఆమెకి చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు ఆగండి. అమ్మ ఒక్కరే రావాలి."

విజయదుర్గ ఆగింది. చెబితే పిల్ల పోతుందేమో. పోతే, నా నోటి మాటే చంపిందని బతికినన్నాళ్లూ ఏడవాలి. అప్పుడు మొదటివాడు గుర్తొచ్చాడు. వాణ్ణి చూడనివ్వలేదు. గుడ్డలో చుట్టి అట్నుంచి అటే తీసుకుపోయారు.

"నానే అమ్మని," అంది.

"నోరు ముయ్యమ్మీ," అంది కృష్ణవేణమ్మ. అది కోపం కాదు, భయం.

"ఆడికి నాను అమ్మనని సెప్పనేదత్తా," అంది విజయదుర్గ మెల్లగా. "అయినా పోయేడు."

చిలకమ్మ పక్కకి తప్పుకుని, "పిల్ల ఈ యమ్మిదే సిస్టరు. నాను ఒట్టి పేరుకే," అంది.

లోపల పెట్టెలో పిల్ల డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. ముక్కు అచ్చం అత్తగారిదే. ఇంత మొహానికి అంత ముక్కేమిటని విజయదుర్గకి నవ్వొచ్చింది, వెనకే ఏడుపొచ్చింది. చేతులు కడుక్కుని, పెట్టె పక్కనున్న కంతలోంచి అరచెయ్యి పోనిచ్చి పిల్ల వీపు మీద ఆనించింది.

"నానే మీ యమ్మని," అని చెప్పింది. "ఉన్నా నా పిల్లవే. ఎళ్లిపోయినా నా పిల్లవే."