ముందే కడిగిన కాళ్ళు

"పిల్లల కాళ్ళు ముందే సబ్బు పెట్టి కడిగెయ్. స్టేజీ మీద పళ్ళెంలో నీళ్ళు మురిగ్గా కనబడితే ఏం బాగుంటుంది?" అన్నాడు భర్త, సోఫాలో వెనక్కి వాలి కాలిగోళ్ళు తీసుకుంటూ.

గోళ్ళు టీపాయ్ మీదా, దాని కిందా, ఆమె ఇస్త్రీ చేస్తున్న అతని తెల్లచొక్కా దగ్గరా చిటుక్కు చిటుక్కుమని పడుతున్నాయి. అవి ఏరి పారెయ్యాలని అతనికి ఈ జన్మలో తట్టదు. తట్టనవసరం కూడా లేకుండా ఇన్నేళ్ళూ ఆమే చీపురు పట్టుకుని తిరిగింది. పెళ్ళయిన కొత్తల్లో ఒకసారి అడిగితే అత్తగారు అందుకుంది. "దేవుడి పని చేసుకునేవాడికి ఇంటి చాకిరీ చెప్తారా అమ్మా?"

దేవుడి పనంటే మరేం కాదు, అతను చర్చిలో సండేస్కూలు సూపరింటెండెంటు. ఆ పదవికి ఉన్న పనల్లా వార్షికోత్సవం రోజు మైకు పట్టుకోవడం. మిగతా ఆదివారాలన్నీ ఆమెవి. చర్చి వెనక రేకుల గదిలో బెంచీలు సర్దడం, ముక్కులు తుడవడం, బుడతల్ని బాత్రూముకి తీసుకెళ్ళడం, కొట్టుకునేవాళ్ళని విడదీయడం, ఆపైన పాఠం చెప్పడం. వారమంతా కంటి ఆసుపత్రి కౌంటరులో కూర్చుని జనం విసుగు భరించిన మనిషికి ఆదివారం దొరికే విశ్రాంతి అది. అయినా ఆ గదిలోకి మాత్రం ఆమె ఇష్టంగానే వెళ్ళేది.

ఆమె చిన్నప్పుడు ఆ గదిలాంటి గదిలోనే చిలకపలుకులు పలికింది. గుక్క తిప్పుకోకుండా వాక్యాలు అప్పజెప్పి ప్రైజులు కొట్టేసింది. ఒక్క ముక్క తలకెక్కలేదు. ఎక్కింది చాలా ఏళ్ళకు, అమ్మ ఆసుపత్రిలో పడున్నప్పుడు. మంచంలోనే అన్నీ అయిపోయి, కాళ్ళనిండా అంటుకుని, ఆయా రాక, కూతురై ఉండి తనే ముక్కు మూసుకుని నిలబడిపోతే, పక్క మంచం రోగిని చూసుకుంటున్న ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ లేచొచ్చి, గుడ్డ తడిపి, అమ్మ కాళ్ళు వేళ్ళ సందులతో సహా తుడిచి, ఏమీ జరగనట్టు వెళ్ళి తన స్టూలు మీద కూర్చుంది. యేసు ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగాడంటే ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది. అది పిల్లలకు చిన్నప్పుడే తెలియాలని, తనలాగా అంత ఆలస్యం కాకూడదని, అందుకే ఆ క్లాసు పట్టుకుని వేళ్ళాడుతోంది.

అందుకే ఆ పాఠం చెప్పిన రోజు కంఠతా పెట్టించలేదు. ఆసుపత్రి సంగతి ఉన్నదున్నట్టు చెప్పి, మీకు ఎవరైనా అలా చేశారా అని అడిగింది. పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. అందరూ ప్రశ్నలపుట్ట అని పిలిచే పిల్ల చెయ్యెత్తింది. "నాకు జ్వరమొస్తే మా అమ్మ నా వాంతి దోసిట్లో పట్టింది టీచర్. పక్క పాడవుతుందని." పిల్లలు కిసుక్కున నవ్వలేదు. ఒకడైతే మా నానమ్మ కూడా అన్నాడు. అంతే, గదంతా కథలే. ఆ రోజు ఇంటికి నడుస్తూ ఆమె తనలో తను నవ్వుకుంది.

"ఇవేం పాఠాలు, వాంతులూ డోకులూ? వార్షికోత్సవానికి గెస్టు వస్తే పిల్లలు గడగడా వాక్యాలు చెప్పాలి గానీ," అన్నాడు భర్త ఆ సంగతి విని. మళ్ళీ అతనే, "కాళ్ళు కడిగే ఐడియా మాత్రం బాగుంది. స్టేజీ మీద నేను చేస్తాలే. ఫొటో కూడా బాగా వస్తుంది," అన్నాడు. అలా ఆ పాఠం అతనిదైపోయింది. అత్తగారు నలుగురికీ చెప్పుకుని మురిసిపోయింది.

వార్షికోత్సవం నాడు పొద్దుటినుంచీ వాన. పిల్లలు గ్రౌండులో పడి దొర్లి మోకాళ్ళదాకా బురద పూసుకొచ్చారు. హాలు వెనక కుళాయి దగ్గర పీట వేసుకుని ఆమె ఒక్కొక్కళ్ళనే కూర్చోబెట్టి కడిగింది. గోళ్ళలో మట్టి, అరికాలికి అంటిన చూయింగ్‌గమ్, ఎవడో తొక్కొచ్చిన కుక్కపెంట. లోపల భర్త మైకులో "వన్, టూ" అంటూ గొంతు సవరించుకుంటున్నాడు.

"ఇప్పుడే కడిగేస్తే మరి అంకుల్ ఏం కడుగుతారు టీచర్?" అడిగింది ప్రశ్నలపుట్ట.

ఆమె తడబడింది. "ఊరికే తల్లీ. చూపించడానికి."

అనేశాక ఆ మాట నోట్లో చేదుగా నిలిచిపోయింది. చేతులెంత తోముకున్నా కుక్కపెంట వాసన పోనేలేదు. కానీ ఆమెకు రోత పుట్టింది దానికి కాదు.

స్టేజీ మీద అతను తెల్లచొక్కా చేతులు మడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళ కొసలతో నాలుగు చుక్కలు చల్లి, కొత్త తువ్వాలు అద్దాడు. ఫొటో సరిగ్గా రాలేదని ఫొటోగ్రాఫరంటే అవే కాళ్ళు మళ్ళీ కడిగాడు. గెస్టుగారు కళ్ళు ఒత్తుకున్నారు. ఉత్సాహం పట్టలేక అతను మైకు ప్రశ్నలపుట్ట నోటి దగ్గర పెట్టాడు.

"చెప్పమ్మా, ఇవాళ నీ కాళ్ళు ఎవరు కడిగారు?"

"టీచర్ కడిగారంకుల్, వెనకాల కుళాయి దగ్గర. మీరు తడిపారు."

హాలంతా గొల్లుమంది. గెస్టుగారు కూడా నవ్వారు.

ఇంటికొచ్చాక అతను మేజోళ్ళు ఊడబెరికి సోఫా కిందికి తన్నాడు. "నలుగుర్లో పరువు తీసిందది. నువ్వే నేర్పుంటావు. వచ్చే ఆదివారం దానిచేత అందరి ముందూ సారీ చెప్పించు. నేనొచ్చి చూస్తా."

"చిన్నపిల్లండీ. ఉన్నమాటే అంది."

"ఉన్నవన్నీ అంటారా ఎవరైనా?"

"మగాడు అంత కిందికి వంగి కాళ్ళు ముట్టుకోవడమే గొప్ప. దాన్ని పట్టుకుని వెటకారమా?" అంది అత్తగారు.

ఆమె వంగి సోఫా కింద నుంచి మేజోళ్ళు తీసింది. తడిగా, వెచ్చగా, పులిసిన కంపు. డోకొచ్చింది. ఆ కంపుకో, ఆ మాటలకో, వంగిన తన నడుముకో చెప్పలేకపోయింది. పైకి మాత్రం "చూస్తానండి" అంది. ఆ "చూస్తానండి" మీద ఆమెకు వాళ్ళిద్దరి మీద కన్నా ఎక్కువ కంపరం పుట్టింది. ఆ వారం కౌంటరులో కూర్చున్నా, కూరలు తరుగుతున్నా అదే ఆలోచన. నిజం చెప్పినందుకు ఆ పిల్ల చేత తప్పు ఒప్పిస్తే, దేవుడి ఇల్లంటే నిజమాడితే చెంపలేసుకునే చోటని దానికి ఈ వయసులోనే తెలిసిపోతుంది. అప్పుడది రావడం మానేస్తుంది. మానకపోతే ఇంకా ఘోరం, పెద్దయి తనలాగా తయారవుతుంది. చివరికి ఆ ఊసే ఎత్తకూడదనుకుంది. అతను అడిగితే మర్చిపోయానని తప్పించుకోవచ్చు. అంతకన్నా ధైర్యం ఆమెకు ఆ వారంలో రాలేదు.

ఆదివారం అతను అన్నట్టే వచ్చి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె పాట మొదలుపెట్టబోతుంటే, ఎవరూ పిలవకుండానే ప్రశ్నలపుట్ట లేచి ముందుకొచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చేతులు కట్టుకుని, గోడకేసి చూస్తూ, అచ్చం కంఠతా వాక్యం అప్పజెప్పే రాగంలో మొదలుపెట్టింది.

"పెద్దలను అవమానపరచినందుకు నేను సిగ్గుపడుచున్నాను, నా నోటిని అదుపులో పెట్టుకొందును, అంకుల్ గారు ప్రేమతో నా కాళ్ళు కడిగిరి..."

గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. ఒక్క తప్పూ పోలేదు. ప్రైజు ఇవ్వదగ్గట్టుంది. ఆమె గుర్తుపట్టింది. ఆ రాగం తనదే, చిన్నప్పటిది.

"చూశావా? నేర్పితే ఎంత చక్కగా పట్టేస్తారో," అన్నాడు గుమ్మంలోంచి భర్త.

"ఆగమ్మా," అందామె. "ఇది నీకెవరు నేర్పారు?"

ఆ పిల్ల బిక్కమొహం వేసింది. "మీరే కదా టీచర్. మీరు చెప్పించమన్నారని అంకుల్ మా అమ్మకి ఫోన్ చేశారంట. నేను చెప్పనంటే, మీ టీచరుకి కూడా నీ మీద కోపం వచ్చిందని అమ్మ కొట్టింది."

ఆమె గుమ్మంవైపు చూసింది. అతను కళ్ళతోనే గదమాయించాడు, ఇంట్లో చేసినట్టే. ఇంట్లో అయితే ఆ చూపుకి ఆమె తలదించుకుని ఏదో ఒక పనిలో పడిపోయేది. ఇక్కడ చెయ్యడానికి పనేమీ లేదు. ఎదురుగా పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఆమెకేసే చూస్తున్నారు.

"నేను చెప్పమనలేదు తల్లీ. నాకు నీ మీద కోపం రాలేదు. అంకుల్ మీ అమ్మతో అబద్ధం చెప్పారు."

గుమ్మంలోంచి ఏదో గట్టిగా వినిపించింది, ఆమె పేరే కావచ్చు. ఆమె అటు తిరగలేదు.

"అయితే నేను కూర్చోనా టీచర్?"

"కూర్చో. సాయంత్రం మీ ఇంటికొచ్చి మీ అమ్మతో కూడా చెప్తాను. ఆ రోజు నువ్వన్నదే నిజం. మీ కాళ్ళు కడిగింది నేను. ఆయన కడిగినట్టు కనబడ్డానికి కడిగాను. ఇంక కడగను."