చెక్కుబుక్కు చివరి చీటీ

లవాన్ టూటెన్ తేనెటీగలు దులిపే రోజున మాట్లాడడు. మిగతా రోజుల్లో గలగలా మాట్లాడతాడా అంటే అదీ లేదు. "మా ఇంట్లో మాటలు నావి, పాటలు ఈగలవి, చెవులు ఆయనవి" అంటుంది అతని భార్య వెర్డీ, ఇంటికొచ్చిన ప్రతివాళ్లతోనూ.

సటిల్లా నది పక్కన ముప్పై ఎనిమిదేళ్లుగా వాళ్లు తేనెటీగలు పెంచుతున్నారు. వసంతం వచ్చేసరికి తేనెపెట్టెలు ఈగలతో పొంగిపోతాయి. ఆ పొంగును లవాన్ చిన్న వలపెట్టెల్లోకి దులుపుతాడు. ఒక్కో దాంట్లో మూడు పౌండ్ల ఈగలు, ఒక రాణి, ఒక డబ్బా పంచదార పాకం. అవి పోస్టులో ఉత్తరాదికి పోతాయి. అక్కడ చలికి ఈగలు చస్తాయి, ఇక్కడ జార్జియా ఎండకు పెరుగుతాయి. ఆ తేడా మీదే అతని బతుకు గడిచింది.

ఒకప్పుడు ఆర్డరంటే కవరు, కవర్లో చెక్కు. ఇప్పుడంతా వెబ్‌సైట్. దాన్ని వెర్డీ చూసుకుంటుంది. మొదట్లో కార్డులు తీసుకున్నారు. నిరుడు ఒహాయో మనిషొకడు కార్డు మీద పదిహేను పెట్టెలు కొన్నాడు. ఈగలు చేరాయి. మూడు వారాలాగి, నాకేమీ అందలేదని కార్డు కంపెనీకి చెప్పాడు. కంపెనీవాళ్లు లవాన్‌ను ఒక్క మాటైనా అడగకుండా సొమ్ము వెనక్కి లాక్కున్నారు, పైగా జరిమానా కూడా వేశారు. ఆ రోజు లవాన్ భోజనం దగ్గర రెండే మాటలన్నాడు.

"కార్డు వద్దు."

అప్పటినుంచి వెయ్యి డాలర్లు దాటితే ఎలక్ట్రానిక్ చెక్కు ఇవ్వాల్సిందే. కాగితం ఉండదు. కొనేవాళ్లు తమ చెక్కు అడుగున ఉన్న బ్యాంకు నంబరూ ఖాతా నంబరూ చూసి టైపు చేస్తారు, సొమ్ము అక్కడినుంచి ఇక్కడికి వస్తుంది. కార్డైతే వందకు మూడు డాలర్లు ఎగిరిపోతాయి. చెక్కుకు ఎంత పెద్ద ఆర్డరైనా ఒక్క డాలరే. అది లవాన్‌కు నచ్చింది. నచ్చనిది ఒకటుంది. కార్డు సొమ్ము పరిగెత్తుకొస్తే, చెక్కు సొమ్ము నడిచొస్తుంది. నాలుగు పనిరోజులు పడుతుంది. ఈలోగా అది వచ్చినట్టూ కాదు, రానట్టూ కాదు.

"ఆ నాలుగు రోజులూ ఈగల్ని ఏం చెయ్యమంటావు, జోల పాడమంటావా?" అని అడిగింది వెర్డీ.

లవాన్ సుద్దముక్క తీసుకుని షెడ్డు గోడ మీద పెద్దక్షరాలతో రాశాడు: ముందు సొమ్ము, తర్వాత ఈగలు.

ఈ ఏప్రిల్ మొదటి శుక్రవారం ఒక ఆర్డరొచ్చింది. అరవై పెట్టెలు. ఎనిమిది వేల నాలుగు వందల డాలర్లు. విస్కాన్సిన్ ఉత్తరాన ఒక లూథరన్ చర్చి తేనెటీగల సంఘం వాళ్లది. ఆర్డరు కింద కోశాధికారి లియోటా బ్రాండ్‌వోల్డ్ నాలుగు ముక్కలు రాసింది. 'మా సంఘానికి కార్డు లేదు, చెక్కుబుక్కు ఉంది. ఎక్కడ అడిగినా కార్డే అంటున్నారు. మీరు చెక్కు తీసుకుంటారని తెలిసి మీ దగ్గరికొచ్చాం. బుధవారానికి అందేట్టు చూస్తే మావాళ్లంతా పనులు మానుకుని వస్తారు.'

వెర్డీ ఆ ముక్కలు పైకి చదివింది. లవాన్ లేచి బయటికెళ్లి తన పాత లారీ చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. దాని ఇంజను ఇవాళో రేపో అన్నట్టుంది. మే నెలలో తేనెకు పేరుపడ్డ గాల్‌బెర్రీ పొదలు పూస్తాయి. పూతకు తేనెపెట్టెల్ని తరలించాలంటే లారీ నడవాలి. అది నడవకపోతే ఆ యేటికి తేనె లేదు. ఈ ఒక్క ఆర్డరు చాలు, కొత్త ఇంజను పడుతుంది.

ఆదివారం రేడియోలో వాన కబురు చెప్పారు. మంగళవారం మొదలుపెడితే వారమంతా ముసురేనట. వానలో ఈగల్ని దులపడం కుదరదు. పెట్టెలు చూస్తే అప్పటికే కిటకిటలాడుతున్నాయి. ఇంకో వారం ఊరుకుంటే సగం ఈగలు గుంపుగా లేచి ఏ చెట్టుకో పోతాయి.

"రేపే దులపాలి" అన్నాడు లవాన్ రాత్రి భోజనం దగ్గర.

"సొమ్ము గురువారానికి గానీ తేలదు."

"తెలుసు."

"గోడ మీద ఎవరో ఏదో రాశారే, ఆ మనిషెవరో గుర్తు రావట్లేదు నాకు."

లవాన్ మొక్కజొన్న రొట్టెకు వెన్న రాసుకున్నాడు. "చర్చి వాళ్లు" అన్నాడు.

"ఒహాయో వాడు మాత్రం ఆదివారం పూట చర్చికి పోకుండా ఉంటాడా."

సోమవారం తెల్లారకముందే ముసుగులు కట్టుకుని ఇద్దరూ పొగడబ్బాలు వెలిగించారు. మధ్యాహ్నానికల్లా అరవై పెట్టెలూ నింపి, మేకులు కొట్టి, పోస్టాఫీసుకు చేర్చారు.

బుధవారం పొద్దున వాన కురుస్తుండగా కంప్యూటర్లో కబురొచ్చింది. చెల్లింపు తిరిగి వచ్చింది. ఖాతా కనబడలేదు.

వెర్డీ దాన్ని రెండుసార్లు చదివింది. గోడ మాట ఎత్తలేదు, ఒహాయో మాటా ఎత్తలేదు. లవాన్‌కు దాంతోనే భయం పట్టుకుంది. వెర్డీ దెప్పలేదంటే సంగతి నిజంగా చెయ్యి దాటిందన్నమాట.

లారీ వేసుకుని ఇద్దరూ బ్యాంకుకు వెళ్లారు. బ్యాంకులో రాయిస్ వాళ్లకు చిన్నప్పటినుంచీ తెలిసినవాడు. కాగితం తిప్పి తిప్పి చూశాడు.

"ఖాతాలో డబ్బు చాలకపోతే చాల్లేదనే వస్తుంది లవాన్ గారూ. ఇది అసలు ఖాతానే లేదంటోంది."

"దొంగలా?" అన్నాడు లవాన్.

"కావచ్చు. వేలు జారి ఒక్కంకె తప్పు పడ్డా ఇదే మాటొస్తుంది. దొంగకీ, కళ్లజోడు మర్చిపోయినవాళ్లకీ యంత్రం దగ్గర ఒకటే మాట."

"ఇంకేం చెయ్యాలి?"

"ఆవిణ్ణి అడగాలి. అంతకుమించి నా చేతుల్లో ఏం లేదు."

లారీలో కూర్చుని లవాన్ ఆ నంబరుకు ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మూడోసారీ అంతే. అద్దం మీద వాననీళ్లు ధారగా కారుతున్నాయి.

"దొంగకు ఫోన్ ఎత్తాల్సిన పనేముంది" అన్నాడు.

"పోస్టువాళ్లు ఎక్కడిదాకా తీసుకెళ్లారో చూశా. పొద్దున్నే ఆ ఊరు చేరాయి" అంది వెర్డీ. "అక్కడే ఆపించి వెనక్కి పంపమందామా?"

లవాన్ ఆలోచించాడు. వెనక్కి రావాలంటే ఇంకో మూడు రోజులు. పాకం డబ్బాలు ఈపాటికే అడుగంటి ఉంటాయి. లారీ నుంచి లారీకి మారుతూ ఆకలితో వచ్చేసరికి పెట్టెల్లో చచ్చిన ఈగలే మిగులుతాయి. అవి తనకూ దక్కవు, వాళ్లకూ దక్కవు.

"అక్కడే ఉండనీ. దొంగైనా నీళ్లు పెడతాడు" అన్నాడు చివరికి.

"మరి ఆ ఊరి పోస్టాఫీసుకు ఎందుకు ఫోన్ చేస్తున్నావు?"

ఎందుకో అతనికీ తెలియదు. అప్పటికే చేశాడు. అవతల పోస్టాఫీసు ఆవిడ ఎత్తింది.

"ఈగల గురించైతే చెప్పండి, లేకపోతే తర్వాత చెయ్యండి" అందావిడ. "వరండా అంతా ఈగలపెట్టెలే. దారి తప్పినవి ఓ యాభై నా కౌంటరు మీదే తిరుగుతున్నాయి. ఉత్తరాల కోసం లోపలికొచ్చే ధైర్యం ఎవరికీ లేదు."

"ఈగల గురించే అమ్మా. పంపింది నేనే. తీసుకోడానికి ఎవరన్నా వచ్చారా?"

"ఎవరన్నానా. సగం ఊరొచ్చింది. లియోటా వరండాలో నిలబడి పేర్లు పిలుస్తోంది."

"ఆవిడ నిజంగా ఉందా?"

"ఉందా ఏంటండీ. నాకు మూడో తరగతి చెప్పింది. ఇప్పటికీ నా చేతిరాత బాలేదంటది. పిలవమంటారా?"

లవాన్ ఫోన్ చెవికి ఇంకాస్త నొక్కుకున్నాడు. వెర్డీ అతని భుజం మీద గడ్డం ఆనించి తనూ వింటోంది. ఆ చివరనుంచి ఈగల రొద, మనుషుల నవ్వులు వినబడ్డాయి. ఆ తర్వాత ఒక ముసలి గొంతు.

"టూటెన్ గారేనా? మీతో పోట్లాడాల్సిన పని ఉంది నాకు."

"చెప్పండమ్మా."

"మీ సొమ్ము మీరు తీసుకోరేంటండీ? పొద్దున బ్యాంకులో చూశాను, ఉన్న డబ్బు ఉన్నట్టే ఉంది. ఈగలేమో వచ్చి కూర్చున్నాయి. ఊరికే తెచ్చుకున్నామని పేరొస్తే సంఘంలో నేను తలెత్తుకోగలనా?"

లవాన్ గుండెల మీద కూర్చున్న బండ ఒక పక్కకు ఒరిగింది. పూర్తిగా దొర్లలేదింకా.

"తీసుకోబోయానమ్మా. అలాంటి ఖాతా లేదన్నారు."

"మా సంఘం ఖాతా లేదా? ఇరవై ఆరేళ్లుగా ఉంది."

"ఏ అంకెలు కొట్టారు?"

"చెక్కు అడుగున ఉన్నవే." ఆవిడ ఆగింది. "అంటే, చెక్కు కాదు. చెక్కులు అయిపోయాయి. ఆఖరిది చర్చి కప్పు బాగుచేసినతనికి రాసిచ్చాను. బుక్కు వెనకాల డబ్బు జమ కట్టే చీటీలుంటాయి కదా, వాటి అడుగునా అంకెలుంటే ఒకటి చింపి చూసి కొట్టాను. అన్నీ ఒకటే కదా."

వెర్డీ అప్పటికే లారీ అరలోంచి తమ చెక్కుబుక్కు లాగింది. ముందున్న చెక్కూ, వెనకున్న చీటీ పక్కపక్కన పెట్టి చూశారు. ఖాతా నంబరు అదే. బ్యాంకు నంబరు దగ్గర మాత్రం చెక్కు మీది మొదటి అంకె వేరు, చీటీ మీదిది వేరు. ఆ నంబరుతో వెతికితే ఖాతా ఎక్కడా దొరకదు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ చీటీలు చింపి బ్యాంకులో ఇస్తూనే ఉన్నాడు లవాన్. ఒక్కనాడూ కంటబడలేదు.

"మొదటి అంకె వేరమ్మా" అన్నాడు.

"వేరా?" అంది ఆవిడ. "లెక్కలు చెప్పిన మనిషిని నేను. ఈ సంగతి ఎవరికీ చెప్పకండి."

వెర్డీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"కొత్త చెక్కులకు పది రోజులంటున్నారు, అదే నా బాధ" అంది లియోటా.

"చెక్కు అక్కర్లేదు. బ్యాంకులో నోటితో అడిగి అంకెలు రాసుకోండి. అవి కొట్టండి."

"ఇప్పుడే పోతాను. మరి ఈగల్నేం చెయ్యమంటారు? మీ సొమ్ము మీకు చేరేదాకా ఇక్కడే ఉంచేస్తాం. మావాళ్లకు చెప్తాను, ఎవరూ ఏమనుకోరు."

లవాన్ ఒకసారి వెర్డీ వంక చూశాడు. వెర్డీ కిటికీలోంచి వానను చూస్తోంది.

"పట్టుకెళ్లమనండి" అన్నాడు. "చల్లటి చోట పెట్టి, వల మీద పాకం చిలకరించమనండి. సాయంత్రం ఎండ తగ్గాక తేనెపెట్టెల్లోకి దింపమనండి. రాణుల్ని మూడు రోజుల దాకా కదపొద్దనండి. చలిగాలి తగిలితే చిన్న ద్వారం తప్ప అన్నీ మూసెయ్యమనండి."

ఫోన్ పెట్టేశాక వెర్డీ తిరిగి చూసింది. "మన పెళ్లిలో కూడా ఇన్ని మాటలు మాట్లాడలేదు నువ్వు."

సాయంత్రానికి కొత్త చెల్లింపు బయల్దేరినట్టు కబురొచ్చింది. మళ్లీ మొదటినుంచి నాలుగు పనిరోజులు. గురువారం, శుక్రవారం, సోమవారం, మంగళవారం. శని ఆదివారాల్లో బ్యాంకులతోపాటు సొమ్ము కూడా పడుకుంటుంది. ముసురు వదల్లేదు. లవాన్ షెడ్డులో కూర్చుని, చేసిన పనే మళ్లీ చేస్తూ, ఖాళీ పెట్టెల మేకులన్నీ తీసి మళ్లీ కొట్టాడు. ఆదివారం వెర్డీ షెడ్డు గుమ్మంలో నిలబడి గోడ మీది అక్షరాలు బిగ్గరగా చదివింది. అలా దెప్పించుకోవడం అతనికి ఎంతో హాయిగా ఉంది.

మంగళవారం పొద్దున సొమ్ము జమ అయిందని కంప్యూటరు చెప్పింది. లవాన్ నమ్మలేదు. రాయిస్ దగ్గరికెళ్లి నిలబడ్డాడు.

"వచ్చింది లవాన్ గారూ. నా కళ్లతో చూశాను. ఇక వెళ్లి పడుకోండి."

"ఖర్చెంత?"

"చెక్కుకు ఒక డాలరు. మొదటిది తిరిగొచ్చినందుకు అయిదు."

"ఆరా?"

"ఆరే. కార్డైతే రెండొందల యాభై రెండు."

లవాన్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. బయట వాన వెలిసి, రోడ్డు మీంచి ఆవిరి లేస్తోంది.

ఇంటికొచ్చాక అతను చెబుతుంటే వెర్డీ వెబ్‌సైట్‌లో కొత్త ముక్కలు ఎక్కించింది. 'చెక్కుబుక్కు వెనకాలి చీటీ చూడొద్దు. ముందున్న చెక్కు చూడండి. చెక్కులు లేకపోతే బ్యాంకును అడగండి. మీ సొమ్ము నడిచి రావడానికి నాలుగు రోజులు. ఈగలు కావాల్సిన రోజుకు వారం ముందే చెప్పండి.'

"గోడ మీదది కూడా రాయనా?" అడిగింది వెర్డీ.

"రాయి."

"పాటిస్తావా?"

అతను తాళంచెవి తీసుకుని బయటికి నడిచాడు. లారీ రెండుసార్లు దగ్గి, మూడోసారికి లేచింది. పూతకింకా మూడు వారాల గడువుంది. దారి పొడుగునా ఇంజను మూలుగుతూనే ఉన్నా, మెకానిక్ షెడ్డు దాకా లాక్కొచ్చింది. షెడ్డు ముందు ఆపి, దిగుదామని తలుపు తీశాడు. ఎండ వెచ్చగా తొడల మీద పడింది. కాసేపు ఆగి దిగుదామనుకున్నాడు.

మెకానిక్ వచ్చి చూసేసరికి లవాన్ టూటెన్ స్టీరింగు మీద తల వాల్చి గురక పెడుతున్నాడు. వారం రోజుల నిద్ర. మెకానిక్ చప్పుడు కాకుండా తలుపు దగ్గరికేసి, పక్కనున్న ఇంకో బండి పని చూసుకోవడానికి వెళ్లాడు.