పై వరుసలో పేరు

నిన్న పొద్దున మా ఊరి మొదట్లో బోర్డు మార్చారు. ఇన్నేళ్లూ పైన గ్రాన్‌విక్ అని స్వీడిష్ పేరు, కింద కూసిలహ్తి అని ఫిన్నిష్ పేరు ఉండేవి. ఇప్పుడు పైది కిందికొచ్చింది. ఏ భాషవాళ్లు ఎక్కువుంటే వాళ్ల పేరు పైన. పదేళ్లకోసారి జనాభా రిజిస్టరు చూసి తేలుస్తారు. ఈసారి స్వీడిష్ వాళ్లు ఆరువందల నలభై, ఫిన్నిష్ వాళ్లం మేం ఆరువందల నలభై ఒకటి.

ఒక్కరంటే ఒక్కరు! మా ఆయన హోల్గర్‌ది ఏడు తరాల స్వీడిష్ జాలరి వంశం. ఆయనకి ఒళ్లు మండిపోయింది.

“మాలో ఎవడో గోడ దూకాడు, టెల్లెర్వో! వాడెవడో తేలేదాకా కాఫీ ముట్టను.”

“కాఫీ మానే మొహమేనా నీది?” అని నవ్వాను. ఆయన నిజంగానే ముట్టలేదు.

వాడెవడో కనుక్కుందామని ఇవాళ నన్ను రిజిస్టరు ఆఫీసుకి లాక్కెళ్లాడు. అక్కడ సైలా అనే అమ్మాయి ఉంది. “పక్కవాళ్ల వివరాలు చెప్పకూడదండీ. మీది కావాలంటే చూపిస్తాను,” అంది.

“చూపించమ్మా. నాది చూసైనా ఆ గోడ దూకినవాడికి సిగ్గొస్తుంది,” అన్నాడు హోల్గర్.

ఆ అమ్మాయి స్క్రీను మావైపు తిప్పింది. మాతృభాష: ఫిన్నిష్.

“మిషను తప్పు!” అని హోల్గర్ అరిచాడు. సైలా పాత ఫారం తీసి ముందు పెట్టింది. కింద సంతకం ఆయనదే. పైన రాత నాది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆయనకొచ్చే పన్ను ఉత్తరాలన్నీ స్వీడిష్‌లో ఉండేవి. విప్పకుండానే పొయ్యిలో వేసేవాడు. నాకేమో స్వీడిష్ చదవడం రాదు. ఫిన్నిష్‌లో వస్తే నేనే చూసుకుంటానని ఫారం నింపాను. ఉత్తరాల భాషకి కింద వేరే గడి ఉందట. నేను పైన మాతృభాష గడిలో ఫిన్నిష్‌కి టిక్కు పెట్టాను. వల బాగుచేస్తూ, చూడకుండానే ఆయన సంతకం గీకాడు. ఇరవై రెండేళ్లు ఆ సంగతే మర్చిపోయాను, దౌర్భాగ్యురాలిని.

“ఇవాళే మారుస్తాను,” అంది సైలా. “కానీ బోర్డు లెక్క మళ్లీ పదేళ్లకే.”

హోల్గర్‌కి డెబ్బై ఎనిమిది.

“అయితే గోడ దూకింది నేనేనన్నమాట,” అన్నాడు మెల్లగా. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

అలవాటుగా కొత్త ఫారం నేనే నింపి ఆయన ముందుకి జరిపాను. హోల్గర్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఒక్కో గడి మీదా వేలు పెట్టి, మొదటినుంచి చివరిదాకా చదివి, అప్పుడు సంతకం చేశాడు.