బాబాయి ధైర్యం ఎంత శాతం

మాట తక్కువ కాబట్టి ఇంట్లో అందరూ ఆ అమ్మాయిని ముని అనేవారు. ముని పెట్టుబడుల నిర్వహణ చదువుతోంది. ఆ కోర్సులో ఆఖరి పరీక్ష ఒక తమాషా. ఇంట్లోవాళ్లలో ఒకరిని క్లయింటుగా పెట్టుకోవాలి. నష్టాన్ని ఎంతవరకు తట్టుకోగలరో ఇరవై ప్రశ్నలడిగి తెలుసుకుని, వాళ్ల పేర ఉత్తుత్తి పది లక్షలను షేర్లకూ బాండ్లకూ డిపాజిట్లకూ పంచాలి. పరీక్ష రోజున పాఠం చెప్పే మేడమ్ ఆ క్లయింటుకు ఫోను చేస్తుంది. గడ్డుకాలంలో ఆ పంపకానికి ఎంత నష్టం రావచ్చో లెక్కగట్టి, అంత నష్టం వచ్చేసిందని చెబుతుంది. క్లయింటు బెదిరిపోయి అమ్మేయమన్నాడో, విద్యార్థి ఫెయిలు. ఫోను సంగతి ముందుగా ఉప్పందించకూడదు.

మునికి దొరికిన క్లయింటు బాబాయి. లిఫ్టు మెకానిక్కు.

"నష్టమొస్తే ఏం చేస్తావు బాబాయ్?"

"నవ్వుతా. పన్నెండో అంతస్తులో ఇనుపతాడు పట్టుకుని పనిచేసేవాణ్ణి, నాకు భయమేంటే? మొత్తం షేర్లలో పడెయ్!"

ఇరవై ప్రశ్నలకూ అదే వరస.

"అబ్బో, పులి!" వంటింట్లోంచి పిన్ని అందుకుంది. "ఆ పులి ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తుంది. వీధి మలుపు దాకా వెళ్లి మళ్లీ వెనక్కొస్తుంది."

"నువ్వూరుకోవే!"

ముని నవ్వకుండా అన్నీ రాసుకుంది. మర్నాడు టిఫిను తింటున్న బాబాయి పక్కన చేరి మొహం వేలాడేసింది.

"నీ షేర్లు పడ్డాయి బాబాయ్. లక్ష పోయింది."

నోటి దాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది. "ఎవడి లక్ష?"

"నీదే. ఉత్తుత్తిదేగా."

"ఉత్తుత్తిదైతే మాత్రం ఊరికే వచ్చిందా?"

ఆ పూట పదకొండింటిలోపే ఐదుసార్లు ఫోను చేశాడు. ఒకసారైతే లిఫ్టు పైకప్పు మీద నుంచే, "ఇప్పుడెంతే?" అని గుసగుసగా. ఆరోసారికి ముని జాలిపడి, మార్కెట్ తేరుకుందని చెప్పేసి, కూర్చున్న చోటే పంపకం మార్చేసింది. షేర్లకు పదో వంతు. మిగతాదంతా డిపాజిట్లకూ బాండ్లకూ.

పరీక్ష రోజున మేడమ్ కాగితాలు తిరగేసి కళ్లద్దాలు సర్దుకుంది. "జవాబుల్లో ఉన్న మనిషి వేరు, పంపకంలో ఉన్న మనిషి వేరు. ఇదేంటమ్మా?"

"జవాబులు బాబాయి చెప్పినవి మేడమ్. పంపకం నేను చూసిన బాబాయికి."

"సరే, ఏ బాబాయి నిజమో చూద్దాం. జవాబుల్లో బాబాయే నిజమైతే నువ్వు ఫెయిలు."

స్పీకరు పెట్టి ఫోను కలిపింది.

"ముని వాళ్ల మేడమ్‌నండీ. షేర్లు పడ్డాయి, వాటిలో మీది పదో వంతే ఉంది కాబట్టి మీ పెట్టుబడి మూడు శాతం తగ్గింది. అమ్మేయమంటారా?"

"మూడా? మూడుకు బెదిరే మొహమేనా నాది? అసలీ పిరికి పంపకం చేసిందెవరు? మొత్తం షేర్లలో పడెయ్యమన్నాగా!"

మేడమ్ ముని వైపు ఓరగా చూసి, ఫోనులో తీరిగ్గా అంది: "మీరన్నట్టే పెట్టుంటే ఈపాటికి మూడు లక్షలు పోయేవండీ. ఇప్పుడు మార్చమంటారా?"

అవతల ఏదో పనిముట్టు కిందపడి గణగణమంది.

"మేడమ్..." బాబాయి గొంతు బాగా తగ్గింది. "ఆ పిల్ల ఎలా పెట్టిందో అలాగే ఉంచండి. ఒక్క పైసా కదపొద్దు. ఇంకోమాటండీ, ఈ సంగతి మా ఆవిడ దాకా రానివ్వకండి."

మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మార్కులు వేసింది. అప్పటికే ముని పిన్నికి ఫోను కలుపుతోంది.