ఖఫ్జీ నుంచి దమ్మాం దాకా

ఎండకు కాలిన ఇనుము వాసన.

దాని మీద ఇసుక వాసన. రెంటి అడుగునా, ఎప్పుడో ఒలికి ఇంకిపోయిన ఆయిలు వాసన.

గాలి వీస్తోంది. అద్దాల్లేని తలుపుల్లోంచి దూరి, సీట్లు లేని బండ్లలో తిరిగి, ఈల వేసుకుంటూ అవతలికి పోతోంది.

హఫర్ అల్ బాతిన్ ఊరు అయిపోయి ఎడారి మొదలయ్యే చోట ఉంది ఈ తష్లీహ్. చచ్చిన బండ్ల దొడ్డి. కారు మీద కారు. లారీ పక్కన లారీ. కొన్నిటికి ముఖం లేదు. కొన్నిటికి ముఖం ఒక్కటే ఉంది.

ఇక్కడ ఎవరూ ఏదీ తీసివ్వరు. మన పాన, మన చెయ్యి, మన చెమట. గేటు దగ్గర కూర్చున్న బంగ్లాదేశీ ఇస్మాయిల్ లోపలికొచ్చే ప్రతివాడికీ ఒకే మాట చెబుతాడు — "ఖుద్ నికాలో, ఖుద్ లే జావో."

చాంద్ బాషా పొద్దున్నే వచ్చాడు.

అతనికి కావలసింది ఒక్క డైనమో.

*

రాయచోటి మనిషి. హఫర్‌లో వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ పికప్పు తోలుతాడు. సిమెంటు, టైల్సు, కంకర... లేచే గోడకు ఏది కావాలంటే అది.

అతని భార్య మేరాజ్ బేగం ఖఫ్జీలో ఒక ఇంట్లో పని చేస్తుంది. వంట ఆమెదే. పిల్లలూ ఆమె పనే. ఇల్లు తుడవడం, బట్టలుతకడం, మళ్లీ వంట.

ఒకే దేశం. ఒకే ఎడారి. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరుకునే దారి.

అయినా ఆమె వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా కలవలేదు.

ఆమెకు ఇల్లు దాటే సెలవు లేదు. అతనికి ఆ ఇంట్లో అడుగుపెట్టే వీలు లేదు.

ఒకసారి సరుకుతో అటు పోయినప్పుడు ఆ ఇంటి గోడ చూశాడు. ఎత్తయిన గోడ. దాని వెనక మిద్దె మీద దుప్పట్లు ఆరేస్తున్నానని ఆమె ఫోనులో చెప్పింది. తల వెనక్కి వంచి చూశాడు. గోడ పైన ఒక దుప్పటి అంచు లేచి, పడింది.

అంతే. అదే చూపు.

ఇప్పుడు ఆమె ఒప్పందం అయిపోయింది. ఇక తిరిగి రాకుండా ఊరికి పొమ్మని ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. రేపు తెల్లవారుజామున దమ్మాంలో విమానం. ఎన్నడూ కరగని ఆ ఇంటి మేడమ్, పోయే ముందు ఎందుకో కరిగింది. "నీ మొగుడు బండి తెస్తే అతనితోనే పో. తేకపోతే మా డ్రైవరు దించి వస్తాడు" అంది.

ఖఫ్జీ నుంచి దమ్మాం దాకా.

సముద్రం పక్కన పోయే రోడ్డు. ఆమె పక్క సీట్లో. మాట్లాడినా సరే, మాట్లాడకపోయినా సరే.

నిన్న సాయంత్రమంతా ఆ సీటు కడిగాడు. సందుల్లోని సిమెంటును గుడ్డతో తడిపి తడిపి తీశాడు. మీద కొత్త దుప్పటి పరిచాడు. పరిచి, చేత్తో నిమిరి, నవ్వుకొని, తాళం తిప్పి చూశాడు.

ఎర్ర దీపం వెలిగింది. ఇంజను దగ్గింది. ఆగింది.

డైనమో కాలిపోయిందన్నాడు మేస్త్రీ. ఇంత పాత బండిది ఊళ్లో లేదు, దమ్మాం నుంచి తెప్పించాలి, శుక్రవారం దాటాకే అన్నాడు అంగడివాడు. ఇంకొకరి బండి తీసుకుపోదామంటే ఆ బండి కాగితాల్లో తన పేరుండాలి. లేకపోతే మొదటి చెక్‌పోస్టులోనే దించేస్తారు.

మిగిలింది తష్లీహ్.

*

వెతికాడు. బండి తరవాత బండి. బానెట్టు తరవాత బానెట్టు.

కొన్నిట్లో ఉండాల్సిన చోట చిల్లు. కొన్నిట్లో డైనమో ఉంది, దాని వైర్లు కత్తిరించి ఉన్నాయి. ఒకదాన్ని సుత్తితో బాదారు — రాలేదన్న కోపంతో. అది ఇక ఎవరికీ పనికిరాదు.

అలాంటివి చూస్తే చాంద్ బాషాకు కడుపు మండుతుంది.

ఈ దొడ్డికీ ఒక మర్యాద ఉంది. ఎవరూ రాయలేదు, ఎవరూ నేర్పలేదు. కావలసింది విప్పుకో, పక్కది విరగ్గొట్టకు. వైరు కోయకు, క్లిప్పు నొక్కి లాగు. విప్పిన బోల్టులు పోగేసి పెట్టు, వెనకొచ్చేవాడికి అక్కరకొస్తాయి. ఒకడు చెయ్యి పెట్టిన ఇంజనులో ఇంకొకడు చెయ్యి పెట్టకు.

నమాజుకు పోవాలన్నా, నీళ్లకు పోవాలన్నా బానెట్టు మీద తువ్వాలు వేసి పో. తువ్వాలుంటే మనిషి ఉన్నట్టే.

చివరి వరసలో, ఒక వ్యాను వెనక, దొరికింది. తన పికప్పు లాంటిదే పికప్పు. వెనక భాగం నుజ్జయింది. ముందు భాగానికి దెబ్బ తగల్లేదు.

బానెట్టు ఎత్తాడు.

ఉంది. దుమ్ము కింద, చల్లగా, చెక్కుచెదరకుండా... ఉంది.

"అల్లా" అన్నాడు మెల్లగా.

*

పై బోల్టు వచ్చింది. కింది బోల్టు రాలేదు.

తుప్పు. చాంద్ బాషా పాన జారింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది. వేళ్ల కణుపులు చీరుకుపోయాయి. నెత్తురు ఇనుము మీద పడి, పడీపడగానే ఎండింది.

"తెలుగోళ్లా?"

వెనక ఒక మనిషి. సన్నగా, నల్లగా, భుజం మీద సంచి. ఇంజను మీద వంగి చాంద్ బాషా గొణుక్కున్న తెలుగు మాట విన్నట్టున్నాడు.

చెంచయ్య. ఉదయగిరి దగ్గర ఊరు. ఒక కఫీల్ దగ్గర టీచర్లను బడికి తీసుకుపోయే వ్యాను తోలుతాడు. అతనికీ కావలసింది డైనమోనే. ఆ వ్యానుకూ ఇదే ఇంజను.

చెంచయ్య బానెట్టులోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నువ్వే గదా ముందొచ్చింది. నీదేలే" అన్నాడు.

అని ఊరుకోలేదు. సంచిలోంచి పొడుగు పిడి పాన తీసి ఇచ్చాడు. ఇద్దరూ ఒకే పిడి పట్టుకున్నారు. ఇద్దరూ కలిసి వేలాడారు.

కిర్రుమంది. కదిలింది.

ఇద్దరూ నవ్వారు.

ఆ నవ్వులోనే చెప్పేశాడు చాంద్ బాషా. ఖఫ్జీ సంగతి. గోడ సంగతి. పక్క సీటు సంగతి. ఎవరికీ చెప్పని మాటలు... చాలా రోజుల తరవాత తెలుగు వినే చెవి దొరికితే నోరు ఆగదు.

చెంచయ్య విన్నాడు. తన సంగతి ఏమీ చెప్పలేదు.

మధ్యాహ్నపు నమాజుకు జొహర్ అజాన్ వినిపించింది.

బోల్టు ఇంకా కొన్ని చుట్లుంది. వైరు క్లిప్పు ఉంది. అంతే పని. కానీ చేతుల నిండా నెత్తురు. కడుక్కొని, నమాజు చేసుకొని వస్తే నిదానంగా తియ్యవచ్చు. ఎండకు పెళుసైన క్లిప్పు, తొందరపడితే విరుగుతుంది.

భుజం మీది తువ్వాలు తీసి బానెట్టు అంచున పరిచాడు.

"చూస్తా ఉండన్నా. ఇట్ల పోయి అట్ల వస్తా."

"పోయిరా" అన్నాడు చెంచయ్య.

*

తిరిగొచ్చేసరికి డైనమో లేదు.

క్లిప్పు విరగలేదు. వైరు తెగలేదు. ఎంతో నేర్పుగా తీశారు. బోల్టులు ఒక పక్కన పోగేసి ఉన్నాయి. చాంద్ బాషా పాన దుమ్ము తుడిచి పెట్టి ఉంది.

తువ్వాలు మడతపెట్టి ఉంది.

అంచుకు అంచు కలిపి. నీటుగా.

పోయిన డైనమో కంటే ఆ మడత అతన్ని ఎక్కువగా కోసింది. విసిరేసి పోయుంటే దొంగ అనుకునేవాడు. తొక్కి పోయుంటే తిట్టేవాడు. ఇంత మర్యాదగా మడిచిన వాణ్ణి ఏమనాలి...

పరుగెత్తాడు.

గేటు దగ్గర చెంచయ్య ఇంకా ఉన్నాడు. ఇస్మాయిల్‌కు డబ్బు కట్టేసి, డైనమోను సంచిలో పెట్టుకోబోతున్నాడు.

చాంద్ బాషా దాన్ని పట్టుకున్నాడు. చెంచయ్య వదల్లేదు. కొంచెం ముందు ఒకే పాన మీద ఉన్న నాలుగు చేతులు, ఇప్పుడు డైనమో మీద.

"నాదని నువ్వే అంటివే! నీ నోటితోనే అంటివే!"

"అన్నా."

"మల్ల?"

చెంచయ్య తల ఎత్తలేదు. "సాయంత్రానికి వ్యాను వాకిట్లో లేకుంటే హురూబ్ పెడతానన్నాడయ్యా నా కఫీలు. పారిపొయ్యాడని కేసు. పోలీసులు, జైలు, మళ్లీ ఈ దేశం మొహం చూసే పనుండదు. నేనే కాల్చినానంట డైనమో."

"ఆ మాట ముందే చెప్పుంటే..."

"చెప్పుంటే ఇచ్చేవాడివా?"

చాంద్ బాషా పట్టు బిగించాడు.

"నువ్వు ఇయ్యవు. నేనూ ఇయ్యను" అన్నాడు చెంచయ్య. "పెళ్లాన్ని రేపు కాకుంటే ఎల్లుండి చూసుకుంటావు బాషా. ఊర్లో చూసుకుంటావు. నాకు ఎల్లుండి లేదు."

"ఊరికి పోవాలంటే నాకు ఇంకా ఎన్నాళ్లో తెలుసునా నీకు?"

చెంచయ్య మెల్లగా అన్నాడు — "కొట్టు. కొట్టి తీసుకో. నేనేమీ అనుకోను."

ఇస్మాయిల్ కుర్చీలోంచి లేవకుండానే చెయ్యూపాడు. "పైసా దియా, మాల్ ఉస్కా. ఝగడా బాహర్ కరో." డబ్బు కట్టినవాడిదే సరుకు, గొడవ బయట పెట్టుకోండని.

గాలి ఆగింది. ఇనుము మీద ఎండ ఒక్కటే.

చాంద్ బాషా చెయ్యి ఎత్తవచ్చు. చెంచయ్య బక్కమనిషి, ఒక్క తోపు చాలు. కానీ ఆ మనిషి కళ్లు గట్టిగా మూసుకొని దెబ్బ కోసం ఎదురుచూస్తున్నాడు — దెబ్బలు అలవాటైనవాడు ఎదురుచూసినట్టు.

చేతులు వదులయ్యాయి.

అది దయ కాదు. క్షమా కాదు. కొట్టలేకపోయాడు, అంతే.

చెంచయ్య సంచి భుజానికి తగిలించుకొని, వెనక్కి చూడకుండా పోయాడు. అతని చెప్పుల అడుగుల్లో ఇసుక నిండుతూ పోయింది.

*

మళ్లీ వెతికాడు. మొదటి వరస నుంచి.

ఈసారి క్లిప్పులు నొక్కలేదు. బోల్టులు పోగేయలేదు. ఒక కారు బానెట్టు తెరుచుకోకపోతే ఇనుపకమ్మీతో పెకిలించాడు. లోపల డైనమో లేదు. రేడియేటరును కాలితో తన్నాడు. అది పగిలి వంగింది. ఎవరికో పనికొచ్చేది.

ఎవరికో పనికొచ్చేదని తెలిసే మళ్లీ తన్నాడు.

ఒక డైనమో దొరికింది. వేరే బండిది. వెంట తెచ్చుకున్న తన కాలిన డైనమో పక్కన పెట్టి చూశాడు. బోల్టులు పట్టే చెవులు కలవలేదు. తిప్పి పెట్టాడు. కలవలేదు. కలవదని తెలిసి కూడా ఇంకోసారి పెట్టాడు.

నీడలు పొడుగయ్యాయి. సాయంత్రపు అస్ర్ అజాన్ వినిపించింది. నమాజుకు పోలేదు.

ఫోను మోగింది.

*

వాళ్లింట్లో మాట ఉర్దూ. మేరాజ్‌కు కోపం వస్తే మాత్రం తెలుగు వస్తుంది.

ముందు ఉర్దూలోనే అడిగింది. బయల్దేరావా అని. ఏ ఊరు దాటావని. దారిలో తినడానికి చపాతీలు చుట్టి పెట్టానని.

చెప్పాడు. డైనమో. బోల్టు. తువ్వాలు. చెంచయ్య కళ్లు మూసుకోవడం. అన్నీ చెప్పాడు. అర్థం చేసుకుంటుందని చెప్పాడు.

అవతల ఎవరో పెట్టె చుట్టూ టేపు లాగుతున్న శబ్దం... సర్రున, మళ్లీ సర్రున.

"చేతిలో ఉన్నింది" అంది మేరాజ్. తెలుగులో.

"ఆ."

"పట్టుకోనుంటివి. ఇడిసిపెడితివి."

"వానికి హురూబ్ పెడ్తాడంట మేరాజ్..."

"వాని కత నాకు చెప్పొద్దు." ఆమె గొంతు పెరగలేదు. అదే అతన్ని భయపెట్టింది. "ఊర్లో నీళ్ల కొళాయి కాడ కూడా ఇంతే నువ్వు. బస్సు కాడా ఇంతే. మీరు పోండి, మీరు పోండి అని అందర్నీ ముందర పొమ్మంటావు. అందరూ నిన్ను మంచోడంటారు. నీ యెనక నేను నిలబడుకోని ఉంటా. అది నీకెప్పుడన్నా కనపడిందా?"

"కనపడింది."

"కనపడలే. గోడకాడికొచ్చి దుప్పటి చూసినానంటివే, ఆ పొద్దు మిద్దె మీద నేను ఎంతసేపు చెయ్యి ఊపినానో తెలుసా? నువ్వు సరుకు ఆలస్యమైతాదని పోతివి."

అతనికి తెలియదు. ఇన్నాళ్లూ చెప్పలేదు ఆమె.

"మేరాజ్! యల్లా!" — వెనకనుంచి మేడమ్ గొంతు, తొందరపెడుతూ. పెట్టె ఈడ్చిన శబ్దం. బండి డిక్కీ తెరిచిన శబ్దం.

"డ్రైవరు బయల్దేరుతాండాడు" అంది. "విమానం కాడికన్నా రా. నేను లోపలికి పోయేలోపల. అద్దం అవతల నుంచైనా... వస్తావా?"

"వస్తా."

"ఎట్ల వస్తావు?"

జవాబు చెప్పేలోపల లైను తెగింది. ఆమె తెంచిందో, దానంతట అది తెగిందో.

*

దమ్మాం రోడ్డు.

తారు మీద ఇసుక సన్నగా పాకుతోంది. పాములా కాదు. పొగలా. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు.

చాంద్ బాషా రోడ్డంచున నిలబడి చెయ్యి చాచాడు. చేతి నిండా గ్రీజు, ఎండిన నెత్తురు. ఆ చెయ్యి చూసి ఎవరు ఆపుతారు...

ఒక లారీ పోయింది. దాని గాలి చెంప మీద కొట్టింది.

ఇంకొకటి పోయింది. అదీ కొట్టింది.

ఇదే ఎడారిలో, అటు చివర, సముద్రం పక్కన ఒక కారు పోతూ ఉంటుంది. వెనక సీట్లో ఆమె. ఒళ్లో చపాతీల పొట్లం. ఆమెకు ఎడమపక్క నీళ్లు. కుడిపక్క అతడున్న ఇసుకంతా.

మళ్లీ ఒక లారీ. ఆగలేదు.

మళ్లీ ఒకటి. ఇది అతన్ని దాటిపోయింది. చాలా దూరం పోయాక, దాని వెనక ఎర్ర దీపాలు వెలిగాయి.

ఆగడానికో. ముందున్న మలుపు తిరగడానికో.

చాంద్ బాషా పరుగెత్తాడు.

గాలి ఎదురు వీస్తోంది. నోట్లో ఇసుక. ముక్కులో కాలిన బ్రేకు వాసన, దాని మీద ఎండకు కాలిన ఇనుము వాసన...

దీపాలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.